రెండిళ్ల యాళి

మా ఇంట్లో యాళికి కాళ్లే ఉండేవి. దాని తల గోడకు అవతల, మా చిన్నాయన ఇంట్లో ఉండేది.

ఇదేదో దయ్యం కథ అనుకోకండి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. మా తాత లేపాక్షి గుడి స్తంభాల మీద చెక్కిన యాళి అనే వింత మృగాన్ని చూసి వచ్చి, తన బుర్రలోంచి కొంత కలిపి, చీర కొంగుకు ఒక బొమ్మ గీశాడు. మనిషి ఒళ్లు, సింహానిదో మొసలిదో తేలని ముఖం, ఒంటి నిండా పొలుసులు, వెనక తోక. ఆ బొమ్మ మగ్గం మీద దిగాలంటే చిల్లులు కొట్టిన అట్టలను వరసగా దండలా కుట్టి మగ్గం పైనుండే జకార్డు పెట్టెకు ఎక్కించాలి. ఒక్కో అట్టకు ఒక్కో పోగు పడుతుంది. అన్నదమ్ములు వేరుపడిన రోజున ఇల్లు పంచుకున్నారు, మగ్గాలు పంచుకున్నారు, ఆ పంతంలోనే అట్టల దండను కూడా బొమ్మ నడుము దగ్గర తెంపి చెరి సగం తీసుకున్నారు. కాళ్లూ తోకా నాయనకు వచ్చాయి. ఛాతీ, తల చిన్నాయనకు పోయాయి.

ఇంతకూ ఎందుకు వేరుపడ్డారయ్యా అంటే, వీధిలో పొద్దున్నే పరిచిన మా పడుగు దారాల్లోకి చిన్నాయన మేక దూరింది. అంతే. దాని వెనక ఇంకేదో ఉందని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను, ఏమీ లేదు. ఆ రోజు నుంచి మా నాయన గంగాధరప్పకు, చిన్నాయన కదిరప్పకు మాటలు లేవు. చెప్పవలసింది ఏదైనా ఉంటే గోడకు చెప్పేవారు.

"గోడా, నీళ్ల ట్యాంకరు వచ్చిందని చెప్పు" అని నాయన.

"గోడా, మాకూ కండ్లు ఉండాయని చెప్పు" అని చిన్నాయన.

ఏడేళ్లపాటు నాయన కాళ్ల మీద తామరపువ్వు పెట్టి నేశాడు. చిన్నాయన తల కింద మబ్బు పెట్టి నేశాడు. ఊళ్లో వాటికి కాళ్ల చీరలు, తలకాయల చీరలు అని పేర్లు పడ్డాయి. అవతలి ఇంటి చీర చూసినా, విని తల గీసినా దొంగతనం అవుతుందని నాయన నా చేత ఒట్టు వేయించాడు. తాత నేసినవన్నీ నాకు ఊహ తెలియకముందే అమ్ముడుపోయాయి, ఆయన పోయాక వేరుపడేదాకా ఆ బొమ్మను ఎవరూ మగ్గం ఎక్కించలేదు. అందుకని గళ్ల కాగితం ముందేసుకుని ఊహించి గీసేదాన్ని. ఎన్నిసార్లు గీసినా ఒకటే ముఖం వచ్చేది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రామాంజినీ, ఇది పడుగులో దూరిన ఆ మేకే గదమ్మా" అనేవాడు.

నాకు మాత్రం ఆ యాళిని ఒక్కసారి కాలి నుంచి తల దాకా నేయాలని ఉండేది. నేను పుట్టి పెరిగిందంతా ఆ మగ్గం పక్కనే. నాకు ఇంకేం కావాలో ఎవరైనా అడిగి ఉంటే అదే చెప్పేదాన్ని.

ఎనభై ఐదు ఎండాకాలం వచ్చేసరికి రెండేళ్లుగా వానలు లేవు. మల్బరీ తోటలు ఎండిపోయి పట్టు రావడం ఆగిపోయింది. వీధి వీధంతా మగ్గాల చప్పుడు లేక చెవులు గింగుర్లెత్తేవి. ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడినప్పుడు మా చిన్నమ్మ అంజనమ్మ నా చెవిలో చెప్పింది.

"ఆషాఢం రాకముందే పోతాండాం రామాంజినీ. దొడ్డబళ్లాపురంలో మరమగ్గాల కాడ పని ఉండాదంట. మగ్గాలు ఇచ్చేస్తాండాం. అట్టలు మాత్రం మీ చిన్నాయన పెట్టెలో పెట్టుకున్నాడు."

తల పోతే పోయింది, ఈ అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట అనుకోకుండానే విడిపోతారు కదా అని దుఃఖం వచ్చింది. ఆడవాళ్లకు మాటలున్నాయి, పిల్లలకు మాటలున్నాయి. లేనిది వాళ్లిద్దరికే.

సరిగ్గా ఆ వారంలోనే చిన్నాయన కొడుకు హనుమంతరాయుడు బెంగళూరు నుంచి సెలవులకు వచ్చాడు. అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. సంచిలోంచి బట్టలకంటే ముందు ఒక జెరాక్సు కాగితాల కట్ట, ఇరవై ముఖాలున్న నీలం పాచిక తీశాడు. హాస్టల్లో ఎవరికో ఓడలో పనిచేసే మామ తెచ్చిచ్చిన ఆటట.

గోడ మా ఇంటిని చీల్చింది గానీ వీధి తిన్నెను చీల్చలేదు. సాయంత్రం నాయన తూర్పు కొసన, చిన్నాయన పడమటి కొసన కూర్చునేవారు. నడుమ రాయుడూ నేనూ.

"బోర్డు ఉండదక్కా. గెలిచేది ఓడేది ఉండదు. ఒకరు కథ చెప్తాంటారు, మిగిలినోళ్లు తలా ఒక పాత్ర. నీ పాత్ర ఏం చేస్తాదో నువ్వే చెప్పాల. అయితాదా కాదా అనేది ఈ పాచిక చెప్తాది" అన్నాడు రాయుడు.

కండెకు దారం చుడుతున్నట్టు నటిస్తున్న నాయన తల ఎత్తకుండానే అందుకున్నాడు. "వీధినాటకమే గదరా. రంగు పూసుకునేది లేదు, అంతే. నువ్వు సూత్రధారుడివి."

"అదే అనుకో పెద్దనాయనా."

నాయన కొంచెం జరిగాడు. రాయుడు గీసుకున్న పటం మీద ఆయన చూపు పడింది. అది మేము బొమ్మలు గీసే గళ్ల కాగితమే. "ఇదేం అంచురా? లెక్క తప్పింది చూడు, ఈడ మూల కుదరలేదు."

"అంచు కాదు, గుహ."

"గుహకైనా మూల కుదరాల గదా?" అని నాయన ఇంకొంచెం జరిగాడు.

పాత్రలు ఏమేమి ఉన్నాయో రాయుడు చదివాడు. మనుషులు, గడ్డాల మరుగుజ్జులు, చెవులు పొడుగ్గా ఉండే అడవివాళ్లు. నేను చెవుల మనిషిని తీసుకున్నాను. నాయన ఒక కాగితం మీది బొమ్మను వేలితో పొడిచాడు. రెక్కలు, పొలుసులు, నోట్లోంచి నిప్పు.

"ఈ వేషం ఎవరు కడతారు?"

"అది డ్రాగన్ పెద్దనాయనా. ఎవరూ కట్టరు. అందరూ కలిసి దాన్ని చంపాల."

నాయన చేతిలో కండె ఆగింది. "చంపాల్సిందే అయితే మీ తాత దాన్ని పట్టు మీద ఎందుకు నేసినాడు? ఇది మన యాళి గదరా. రెండు కాళ్ల మీద నిలబెట్టు, రెక్కలు తీసెయ్, మనిషి ఒళ్లు పెట్టు. నేను కడితే ఇదే కడతా. లేదంటే మీ ఆట మీరు ఆడుకోండి."

"పుస్తకంలో లేదు."

"పుస్తకంలో లేంది మన ఇంట్లో ఉండాది" అన్నాడు నాయన. ఆ మాట అన్నాక ఆయనకే గుర్తొచ్చి పడమటి కొస వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. మన ఇంట్లో సగమే ఉంది కదా.

అట్లా మా యాళిమనిషి ఆటలోకి వచ్చాడు. ఇక వాడికి రూల్సు రాయడంలో రాయుడికి తల ప్రాణం తోకకు వచ్చింది. చిన్నమ్మ బిందె చంకన పెట్టుకునే అడిగేది. "గుడ్డు లోంచి వచ్చినాడా, తల్లి కన్నదా? పాలు తాగినాడా?" నాయనకు ఇంకో సందేహం. "పంచె కట్టుకుంటే తోక యాడికి పోవాల?" పంచెకు వెనక చీలిక పెడదామని నేను తేల్చాను. ఎండకు పొలుసులు కాలవా, తేలు కుడితే విషం ఎక్కుతుందా, సంకటి తింటాడా రాళ్లు తింటాడా, మంగలి ఏం చేయాలి వాడికి. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి తలా ఒకటి అడిగి పోయేవారు. పని లేని ఊరు కదా, అందరికీ ఆ యాళి కావలసినవాడైపోయాడు.

నిప్పు దగ్గర మాత్రం గట్టి తగువు పడింది.

"నోట్లోంచి నిప్పు ఊదుతాడు. అదే వాని బలం" అన్నాడు రాయుడు.

"నిప్పా? ఈ ఎండల్లో నిప్పు ఎవరికి కావాల్రా? నీళ్లు ఊదేది లేదా?"

"నీళ్లు ఊదే డ్రాగన్ యాడుందబ్బా?"

అప్పుడు పడమటి కొస నుంచి దగ్గు వినిపించింది. చిన్నాయన తిన్నె మీది రాతి స్తంభంతో మాట్లాడాడు. "స్తంభమా, సూత్రధారునికి చెప్పు. మా నాయన గీసిన యాళి నోట్లో నుంచి వచ్చేది మబ్బు. నిప్పు కాదు. తల యా ఇంట్లో ఉండాదో ఆ ఇంటోళ్లకు తెలుస్తాది. ఇంగొక మాట కూడా చెప్పు. ఆ జాతిలో ఉండేది ఒగడే కాదు, ఇంగొకడు ఉండాడు. వాన్ని నేను కడతా."

రాయుడు నా వైపు చూశాడు. నాయన కండె చుట్టడం మొదలుపెట్టాడు, ఈసారి నిజంగానే, దారం తెగేంత వేగంగా.

మరుసటి సాయంత్రం ఇద్దరు యాళిమనుషులు గుహ ముందర ఎదురుపడ్డారు. కథ ఏమిటంటే కరువు పట్టిన ఒక ఊరు, కొండ లోపల బండ కింద ఒక ఊట. "చీకటి పడుతాండాది. ఒకరినొకరు చూసినారు. ఏం చేస్తారు?" అని రాయుడు ఆపాడు.

చిన్నమ్మ బిందె దించకుండా నిలబడిపోయింది.

నాయన కండె పక్కన పెట్టి రాయుడితో అన్నాడు. "నా యాళి అడుగుతాండాడు. నేను ఉత్తరం కొండోన్ని, నువ్వు యా కొండోనివి అని."

చిన్నాయన కూడా రాయుడితోనే అన్నాడు. "నా యాళి చెప్తాండాడు. దక్షిణం కొండ అని."

"మీ కొండలో నీళ్లు ఉండాయా?"

"ఉంటే ఇంత దూరం ఎందుకొస్తా?"

"ఒంటరిగా వచ్చినావా?"

"నువ్వూ ఒంటరిగానే వచ్చినావు గదా."

రాయుడు తల అటూ ఇటూ తిప్పడం మానేశాడు. వాళ్ల నడుమ ఇక వాడి అవసరం లేకపోయింది. మా ప్రాంతంలో వేషం కట్టినవాడి మాట వాడిది కాదు, వేషానిది. రాక్షసుడి వేషంలో ఉండి సొంత మామను తిట్టినా తెల్లారి ఎవరూ అడగరు. ఆ లెక్కన మాట విడిచిన పంతం చెక్కుచెదరలేదు. మాట్లాడుకుంటున్నది ఉత్తరం యాళి, దక్షిణం యాళి. నాయనా, చిన్నాయనా కాదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒక సాయంత్రం ఉత్తరం యాళి అడిగాడు. "నేను ఎప్పుడూ నా ముఖం చూసుకోలేదు. నీది ఎట్లుంటాదో చెప్పు, నాదీ అట్లే ఉంటాది."

దక్షిణం యాళి ఆలోచించి చెప్పాడు. "కనుబొమలు పైకి మెలి తిరిగి ఉంటాయి. పండ్లు కనపడవు, పెదవి కిందికి ఉంటాది. ఎడమ చెవి కొంచెం వాలింది. నన్ను చేసినోడు ఆడ ఒక గడి తప్పినాడు, మళ్లా దిద్దలేదు. నీ కాళ్లు ఎట్లుంటాయి?"

"మూడు గోళ్లు. కుడి కాలికే కడియం. తోక ఎడమ పక్కకు చుట్టుకుంటాది, పడుకునే ముందర కుక్క చుట్టుకున్నట్లు."

నా చేతులు గళ్ల కాగితం కోసం తహతహలాడాయి. వింటూ గీసి ఉంటే అప్పుడే తల వచ్చేది. ఒట్టు గుర్తొచ్చి చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఆ తరువాత ఆట పొద్దున పూటకు కూడా పాకింది. గోడకు పని లేకుండా పోయింది. "యాళీ, మీ కొండ పక్క ట్యాంకరు వచ్చింది" అని నాయన పెరట్లోంచి కేకవేసేవాడు. "యాళీ, నీ కూతురు మా కొండలో పచ్చడి పెట్టిపోయింది, ఉప్పు ఎక్కువ" అని అటు నుంచి జవాబు. వీధివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అయినా ఏ ఒక్కడూ "మీరు మాట్లాడుకుంటున్నారు కదా" అని అనలేదు. అంటే ఆగిపోతుందని అందరికీ తెలుసు.

కానీ చిన్నాయన ఇంట్లో మూటలు కట్టడం ఆగలేదు. మగ్గాలు విప్పేశారు. రాయుడి సెలవులు కూడా అయిపోవచ్చాయి. ఆటను ముగించక తప్పని సాయంత్రం వచ్చింది.

యాళులిద్దరూ గుహ లోపలికి, ఊట మీది బండ దగ్గరికి చేరారు. నా చెవుల మనిషి దీపం పట్టుకుంది. బండను ఎవరైనా ఒకరే ఎత్తాలి, రెండోవాడు నోటితో మబ్బు ఊది నీళ్లకు బయటికి దారి చూపాలి.

"బండ నాది. మబ్బు వానిది. తల వానికే గదా తెలిసింది" అన్నాడు నాయన.

పాచికను అంతవరకూ రాయుడే వేసేవాడు. ఆ రోజు నాయన చేయి చాచి తీసుకున్నాడు. గుప్పిట్లో ఆడించి తిన్నె మీద వదిలాడు. అది దొర్లి దొర్లి చిన్నాయన మోకాలికి తగిలి ఆగింది. పైముఖం మీద ఒకటి, ఆ ఆటలో అంతకంటే చెడ్డ పందెం లేదు.

రాయుడి ముఖం పాలిపోయింది. "ఇంగోసారి ఏయి పెద్దనాయనా. తిన్నె వాలుగా ఉండాది."

"తిన్నె మీ తాత కాలం నుంచి అట్లే ఉండాది. ఏమయితాదో చెప్పు."

"బండ పైకి లేచింది. ఊట బయటికి తన్నింది. కానీ... బండ మళ్లా నీ మీదికే ఒరిగింది."

"నీళ్లు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"ఊరి దాకా పోతాయా?"

"పోతాయి పెద్దనాయనా."

"అయితే సరే. చచ్చిపోయినాడు" అన్నాడు నాయన.

ఆట అని అందరికీ తెలుసు. అయినా చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన మోకాలి దగ్గరి పాచికను చూసి, లేచి లోపలికి వెళ్లాడు. ఇనప్పెట్టె మూత కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఎంత పగవాడైనా చావుకు రావాలి. పాడె మోసేటప్పుడు పంతాలు లెక్కలోకి రావు. రానివాడిని మనిషిగా చూడరు. ఇది వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ మర్యాద యాళికి కూడా వర్తిస్తుందని మా చిన్నాయనకు తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తట్టి ఉండదు.

ఆయన బయటికి వచ్చాడు. రెండు చేతుల మీద అట్టల దండ, పడుకోబెట్టిన పిల్లను ఎత్తుకున్నట్టు. నాయన ముందు నుంచే నడిచి, ఏడేళ్ల తరువాత మా గడప దాటి, మగ్గం దగ్గరికి పోయి జకార్డు పెట్టె కింద దాన్ని దించాడు.

"తల లేకుండా పాడె ఎత్తకూడదు. అందుకే తెచ్చినా" అన్నాడు, మగ్గంతోనే అన్నట్టు.

నాయన తిన్నె మీదే కూర్చుండిపోయాడు. కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఏడుస్తున్నట్టు తెలిసిపోతుందని కాబోలు.

మా మగ్గం మీద మూరెడు పడుగు మిగిలి ఉంది, కండెల అడుగున కొసరు పట్టు ఉంది. నేనూ రాయుడూ నడుము దగ్గర అట్టలను కలిపి కుట్టాం. చిన్నాయన జకార్డు పెట్టె పక్కన నిలబడి చూశాడు. "ఆ అట్ట తిరగబడింది" అన్నాడు దక్షిణం యాళి గొంతుతో. వెనకే లోపలికి వచ్చి నిలబడిన నాయన తలూపాడు గానీ బదులు చెప్పలేదు. ఆయన యాళి చచ్చిపోయాడు కదా. తల తిరిగి వచ్చిందన్న సంబరంలో, యాళి పోతే వాళ్ల మాటలూ పోతాయన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఇంగొక యాళిని పుట్టిస్తా పెద్దనాయనా. వాని తమ్ముడు అనుకో" అని రాయుడు బతిమాలాడు.

"చచ్చినోడు చచ్చినాడు. మళ్లా లేచి మాట్లాడితే అది ఆట అయితాదా?" అన్నాడు నాయన.

నేను మగ్గం గుంటలో దిగి నేశాను. గోళ్లు, కడియం, తోక. కుట్టు వేసిన నడుము దాటాను. ఛాతీ, పొలుసులు, పెదవి, వాలిన చెవి. పూర్తయ్యాక చూస్తే, నిజం చెప్పొద్దూ, ముందు అనిపించింది ఇంత చిన్న ముఖమా అని. ఏడేళ్లు ఎంతో భయంకరంగా ఊహించుకున్నాను. అది భయపెట్టే ముఖమే కాదు. ఎవరో పిలిస్తే ఆగి ఇటు తిరిగిన ముఖం. అది చూసినప్పుడు కలిగిన సంతోషం తరువాత నేను నేసిన ఏ చీరకూ కలగలేదు.

ఆషాఢం ఇంకా రాలేదు. పొద్దున్నే జట్కా వచ్చి నిలబడింది. మూటలు ఎక్కించారు. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. మేకను మాకే వదిలిపెట్టారు. అట్టల దండ మాట ఎవరూ ఎత్తలేదు, అది మా మగ్గం మీదే ఉంది.

చిన్నాయన జట్కా మెట్టు మీద కాలు పెట్టి తిన్నె వైపు చూశాడు. "ఉత్తరం యాళీ, పోయొస్తా" అన్నాడు.

నాయన స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. చచ్చిన యాళి పలకడు. నాయన గోడ వైపు చూశాడు. గోడకే చెప్తాడేమో, పోనీ అదైనా చెప్పనీ అనుకున్నాను. చిన్నాయన ఎక్కి కూర్చున్నాడు. బండివాడు కళ్లేలు అదిలించాడు.

"కదిరీ" అన్నాడు నాయన.

చిన్నాయన ఇటు తిరిగాడు.

"ఆ ఊర్లో నీళ్లు మనకు పడవంట. కొన్నాళ్లు కాచుకోని తాగు."

జట్కా కదిలింది. "సరేన్నా" అన్న మాట వీధి చివరి నుంచి వినిపించింది.